చీటీ మీద రాసిన వేళ

ఇలా దగ్గరికి జరగండి. ఆ ఫోను కాసేపు బోర్లా పెట్టండి, దానికేం జలుబు చెయ్యదు. అబద్ధాలన్నీ ఫోనులోంచే ఇంట్లోకి వస్తాయని కదా మీరనుకుంటారు? ఈ అబద్ధం అలా కాదు. ఇంట్లో పుట్టి, ఇంట్లో అన్నం తిని, కాళ్ళొచ్చాక ఫోనులోకి పోయింది. అందుకే చెబుతున్నాను, వినండి.

టైపక్క అని ఒకావిడ ఉండేది. అసలు పేరు ఉండే ఉంటుంది గానీ, ఆ మేడమెట్లు ఎక్కి దిగేవాళ్ళందరికీ టైపక్కే. వేళ్ళు చూస్తే చూపుడువేలికీ నడిమివేలికీ కొసలు చదునై ఉండేవి, అంత టైపు చేసింది. మొదట ఒక ప్లీడరు దగ్గర, ఆ తర్వాత ఒక పరిశోధన ఆఫీసులో.

ఏం పరిశోధనంటే, ఫోనుల్లో గుంపులు కట్టి ఫలానావాళ్ళు మన శత్రువులు, వాళ్ళని తరమాలి, కాల్చాలి అని నూరిపోస్తారే, ఆ గుంపుల్లో పడి, ఎలాగో బయటపడ్డవాళ్ళని కూర్చోబెట్టి మాట్లాడించడం. ఎలా పడ్డావు, చెయ్యి పట్టుకుని లాగిందెవరు, మొదటిరోజు ఏం చదివావు, ఎక్కడ కాలు జారింది, ఇలా. ఆ ఆఫీసులో పెద్ద మేడమ్ అనేది, "ఏ మెట్టు దగ్గర జారుతున్నారో తెలిస్తే అక్కడో కమ్మీ పాతొచ్చు. పడ్డాక ఎత్తడం కంటే అదే సుళువు" అని. మంచి మాటే.

వాళ్ళ మాటలు రికార్డు చేసి, పేరు తీసేసి ఒక నంబరు ఇచ్చేవాళ్ళు. గొంతు కూడా మిషన్లో వేసి మార్చేవాళ్ళు, కుండలో తలపెట్టి మాట్లాడినట్టు వినిపించేది. అది హెడ్‌ఫోన్లలో విని కాగితం మీదికి ఎక్కించడం టైపక్క పని. విన్నది విన్నట్టు కొట్టాలి. దగ్గితే బ్రాకెట్లో దగ్గు, ఏడిస్తే ఏడుపు. ప్రతి మాట పక్కనా అది ఎన్నో నిమిషం ఎన్నో సెకనులో వచ్చిందో వెయ్యాలి. ఇంకో నియమం కూడా ఉంది, అది గుర్తుపెట్టుకోండి. ఆ గొంతు నీకు తెలిసినవాళ్ళదని అనుమానం వస్తే, వెంటనే హెడ్‌ఫోన్లు తీసేసి, ఆ కాగితం పక్కనున్న ఎర్ర ట్రేలో పెట్టి లేచిపోవాలి. ఇంకొకరు చేస్తారు. ఇక విన్నది ఆ గడప దాటకూడదని వేరే చెప్పాలా? దాని మీద సంతకం పెట్టింది.

ఆ పని టైపక్కకి ఎంత పట్టిందంటే, ఇంట్లో తమ్ముడు అన్నం తింటూ తుమ్మితే, "ఎనిమిదింటి పన్నెండు నిమిషాలకి, బ్రాకెట్లో తుమ్ము" అనేది. వాడికి పొలమారేది నవ్వుకి.

తమ్ముడు ఆవిడకంటే పదేళ్ళు చిన్న. తల్లి ముందే పోతే, వాడికి తల దువ్వడం నుంచి లెక్కలు చెప్పడం దాకా ఈవిడే. తండ్రి బస్సుల షెడ్డులో మెకానిక్కు చేసి రిటైరయ్యాడు, ఆ పొగంతా ఊపిరితిత్తుల్లో దాచుకుని మరీ ఇంటికొచ్చాడు. మంచం పక్కన మందు పీల్చే గొట్టం ఎప్పుడూ ఉండాల్సిందే.

వాళ్ళ పై వాటాలో నర్సమ్మ ఉండేది. పెద్దాసుపత్రిలో నర్సు. వంతెన అవతలివాళ్ళ మనిషి. వంతెనకి ఇవతలివాళ్ళకీ అవతలివాళ్ళకీ ఎప్పుడు చెడిందో, ఎందుకు చెడిందో సరిగ్గా చెప్పేవాళ్ళు లేరు. వాళ్ళు మనకి అవతల, మనం వాళ్ళకి అవతల, ఎటొచ్చీ ఆ వంతెనకి ఇద్దరం బరువే. నర్సమ్మకీ టైపక్కకీ మాత్రం ఈ అవతలా ఇవతలా ఉండేది కాదు. ఇద్దరికీ కలిపి ఒకటే గొడుగు. ఆదివారం మెట్ల మీద కూర్చుని ఒకరి తల ఒకరు చూసుకునేవాళ్ళు. తండ్రికి ఆయాసం వస్తే నర్సమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా దిగొచ్చేది.

ఇప్పుడు ఆ రోజు సంగతి. టైపక్క అప్పటికింకా ప్లీడరు దగ్గరే. ఆ పూట కోర్టు పని, ఫోను సొరుగులో పెట్టేసింది. మధ్యాహ్నం రెండింటికి ఇంటికొస్తే మెట్ల దగ్గర తమ్ముడు కూర్చుని ఉన్నాడు. నాన్న పోయాడక్కా అన్నాడు. ఎలారా అంటే చెప్పాడు: ఆయాసం మొదలవగానే తొమ్మిదిన్నరకల్లా ఆసుపత్రికి తీసుకెళ్ళాడట. చక్రాల కుర్చీలో రెండు గంటలు గుమ్మం దగ్గరే ఉంచేశారట. డ్యూటీలో ఉన్నది నర్సమ్మేనట. తన అవతలివాళ్ళని ఒక్కొక్కళ్ళనే లోపలికి పంపించుకుంటూ, "ఆగండి, మీ వంతు రానీండి" అందట. నాన్న ఆవిడ వైపే చూస్తూ పోయాడట.

టైపక్క నమ్మింది. నమ్మక? తన చేత్తో పెంచినవాడు, కళ్ళెర్రగా చేసుకుని చెబుతున్నాడు. అబద్ధం ఆడితే అతికినట్టుండాలంటారు, అది అతికినట్టు కూడా లేదు, పుట్టినప్పట్నుంచీ అక్కడే ఉన్నట్టుంది.

కర్మ అయిన రెండో రోజుకల్లా ఆ మాట ఫోనుల్లోకెక్కింది. 'మన వాకిలి' అని ఒక గుంపు, తమ్ముడు అప్పటికే అందులో ఉన్నాడట, ఈవిడకి తెలియదు. తండ్రి ఫొటో, పక్కన నర్సమ్మ ఫొటో. పెదవి దాటితే పృథివి దాటుతుందనేవాళ్ళం, ఇప్పుడు దానికి పెదవి కూడా అక్కర్లేదు, బొటనవేలు చాలు. మూడో రోజుకి ఆసుపత్రి గేటు దగ్గర జనం. విచారణ జరిగింది, నర్సు తప్పేం లేదని తేలింది కూడా, కానీ అది ఎవరిక్కావాలి. ఆవిడ ఉద్యోగం మానేసింది. ఇల్లు ఖాళీ చేసింది.

వెళ్ళే రోజు మూటలు పట్టుకుని దిగుతుంటే, మెట్ల మలుపులో టైపక్క ఎదురొచ్చింది. నర్సమ్మ ఆగి, మూట కిందపెట్టి, ఏదో చెప్పబోయింది. టైపక్క మొహం గోడకేసి తిప్పుకుని ఎక్కిపోయింది.

అంతే. నాలుగేళ్ళు.

ఈలోగా తమ్ముడు ఆ గుంపులో పెద్దవాడయ్యాడు. వాడి నాన్న ఫొటో వాళ్ళకి జెండా అయింది. ఏడాదిన్నర తర్వాత ఆ గుంపువాళ్ళే వంతెన దగ్గర మూడు దుకాణాలు తగలబెట్టారు. గడియారాలు బాగుచేసుకునే ఒకాయనకి రెండు చేతులూ కాలాయి. తమ్ముడు అందులో లేడు, కానీ అది చూసి వాడికి చలిజ్వరం వచ్చింది. గుంపు వదిలేశాడు. పోలీసులు పిలిచి అడిగి పంపించారు. కొన్నాళ్ళకి మెల్లగా కాలేజీలకెళ్ళి పిల్లలకి చెప్పడం మొదలుపెట్టాడు, నేనిలా పడ్డాను, మీరు పడకండి అని. టైపక్క పొంగిపోయింది. వాడు వెళ్ళే రోజు చొక్కా తానే ఇస్త్రీ చేసేది. ఆవిడా అప్పటికే ఈ పరిశోధన ఆఫీసులో చేరింది. ఇంట్లో మాత్రం ఏం పనో చెప్పలేదు, సంతకం పెట్టింది కదా. టైపు పని అంది. వాడూ ఇంకేం అడగలేదు. వాడు అడిగి ఉంటే బాగుండేదేమో, ఏమో.

ఒక రోజు పొద్దున్నే పదిహేడో నంబరు వచ్చింది.

కుండలో గొంతు. ఎవరిదైతేనేం అన్నట్టు కొట్టుకుంటూ పోతోంది. పెద్ద మేడమ్ ఏదో అడిగింది, ఎదురుగా కూర్చున్నవాడు ముందు మెటికలు విరుచుకున్నాడు. నాలుగు గబగబా, కాస్త ఆగి, బొటనవేలు. గొంతు మార్చే మిషను మెటికలనేం చేస్తుంది?

టైపక్క అలవాటుగా (మెటికలు విరిచిన చప్పుడు) అని కొట్టింది. కొట్టాక చేతులు ఆగిపోయాయి. ఆ చప్పుడు తమ్ముడి ఏడేళ్ళప్పట్నుంచీ ఆవిడకి తెలుసు. లెక్కల పుస్తకం పోయిందని అబద్ధం చెప్పినప్పుడు అదే చప్పుడు, బడికెళ్ళకుండా తిరిగొచ్చినప్పుడు అదే చప్పుడు.

ఎర్ర ట్రే చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది. లేవాలి. లేవలేదు. ఒక్క నిమిషం విని లేస్తాననుకుంది. ఇరవై రెండు నిమిషాలు విన్నది.

మొదట చెప్పిన అబద్ధం గుర్తుందా అని అడుగుతోంది మేడమ్. గుర్తుందన్నాడు పదిహేడో నంబరు. తొమ్మిదింటికి నాన్న ఊపిరాడటం లేదన్నాడట. వీడు ఫోనులో ఎవడితోనో వాదులాడుతున్నాడట. వాడెవడో మొహం కూడా తెలియదట, కానీ వీడు గెలుస్తున్నాడట. పది నిమిషాలు నాన్నా, పది నిమిషాలు అంటూ రెండు గంటలు దాటించాడట. చివరికి తీసుకెళితే, నర్సు కుర్చీ తోసుకుంటూ పరిగెత్తిందట. అప్పటికే ఆలస్యమైపోయింది. అక్కకేం చెప్పాలో తెలియలేదు, నర్సు మీద పెట్టేశానన్నాడు.

అంటే అక్క దగ్గర తప్పించుకోవడానికే పుట్టిందా అది, అని మేడమ్ అడిగింది.

మళ్ళీ నాలుగు మెటికలు, బొటనవేలు.

"మొదట అంతే. తర్వాత అక్క నమ్మింది చూశారా, అక్కడ మారింది. మా అక్క దేన్నీ ఊరికే నమ్మదు. పైగా ఆ నర్సంటే ప్రాణం పెట్టేది. అలాంటి మనిషే నమ్మిందంటే ఇక ఎవరైనా నమ్ముతారనిపించింది. మర్నాడు మళ్ళీ చెప్పా. ఏ మాట దగ్గర ఏడుస్తుందో చూసుకున్నా. ఆ మాటనే పైన పెట్టి గుంపులోకి పంపా."

టైపక్క అది కూడా కొట్టింది. ఒక్క అక్షరం వదల్లేదు. పక్కన నిమిషం, సెకను వేసింది.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని సామెత. ఇక్కడ నానబోసిందీ తనే, నానిందీ తనే. నాన్న పోయిన మర్నాడు తమ్ముడు పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, మళ్ళీ మొదట్నుంచీ చెబుతుంటే, పాపం వీడి బాధ ఎంతో, చెప్పుకుంటే తగ్గుతుందని తానే వాడి వీపు నిమిరింది. వాడేమో కళ్ళలోకి చూస్తున్నాడు, నీళ్ళు ఎప్పుడొస్తాయా అని.

హెడ్‌ఫోన్లు తీసి, కాగితాలు ఎర్ర ట్రేలో పెట్టి, మేడమ్ గదిలోకెళ్ళి తాను చేసింది చెప్పేసింది.  ఆ మనిషెవరో నాకు చెప్పొద్దు అంది ముందు. మొదటి అనుమానానికే లేవాల్సింది కదమ్మా అంది. తర్వాత కుర్చీ చూపించి, నెమ్మదిగా చెప్పింది. ఇక్కడ చెప్పింది బయటికి పొక్కితే పద్దెనిమిదోవాడు ఈ గుమ్మం ఎక్కడు. ఎక్కనివాడు మళ్ళీ ఆ గుంపులోకే పోతాడు. ఇంకెవరి దుకాణమో కాలుతుంది.

"మరి ఆ నర్సు?" అంది టైపక్క.

మేడమ్ బల్లమీది కలాన్ని ఇటునుంచి అటు పెట్టింది. చదువుకున్న మనిషి, నోటికొచ్చిన ఓదార్పు చెప్పలేదు. 

ఇంటికొచ్చింది టైపక్క. మూడు రోజులు వాడికి వడ్డించింది, చొక్కా ఉతికింది. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఈవిడ పట్టుకుంది, పట్టుకున్నానని చెప్పడానికి లేదు. మూడో రోజు వాడు తుమ్మి, అక్క వేళ చెబుతుందని ఎదురు చూశాడట. ఆవిడ గిన్నె తీసుకుని లోపలికెళ్ళిపోయింది.

నాలుగో రోజు, నాన్న మొహం చూడాలనిపించి మంచం కిందనుంచి ఆయన పెట్టె లాగింది. స్టీలు పెట్టె. పైన కళ్ళజోడు. కింద షెడ్డు గుర్తింపు కార్డు. దాని కింద మడతపెట్టిన ఆసుపత్రి చీటీ.

ఆ చీటీ ఆ రోజు తానే పెట్టెలో వేసింది. విప్పలేదు. అందులో ఉన్నది ఎవరి చేతిరాతో తెలుసు, ఆ రాత చూడబుద్ధి కాలేదు. ఇప్పుడు విప్పితే గుండ్రటి రాత, ఒక్కో వరస ముందూ వేళ. నర్సులకీ అదే అలవాటు, ఏం చేసినా పక్కన వేళ వెయ్యాలి. వచ్చింది పదకొండూ ముప్పై ఐదు. డాక్టరు చూసింది పదకొండూ ముప్పై ఏడు. ఆక్సిజన్ పెట్టింది పదకొండూ ముప్పై ఎనిమిది. చివరి వరస పన్నెండూ పది.

రెండు నిమిషాలు! రెండు గంటలు కాదు, రెండే నిమిషాలు.

ఊళ్ళోవాళ్ళ దగ్గుకీ తుమ్ముకీ వేళ వేసిన మనిషి, తన తండ్రి పక్కన రాసిన వేళ నాలుగేళ్ళు చూడలేదు. ఆ పెట్టె ఆవిడ మంచం కిందే ఉంది. చీటీ పట్టుకుని అలాగే నేల మీద కూర్చుండిపోయింది. కాసేపటికి తెలిసింది, ఇది ఆఫీసులో విన్నది కాదు. ఏ గడపా దాటలేదు. ఇది తన ఇంటిది.

ఆదివారం పొద్దున తమ్ముడు మర్నాటి కాలేజీ కోసం చొక్కాకి ఇస్త్రీ పెడుతున్నాడు. అక్క వచ్చి ఇస్త్రీపెట్టె ఆపేసి, చీటీ బల్ల మీద పరిచింది. వాడు వంగి చదివాడు. చేతులు వెనక్కి పోయాయి.

"చేతులు బల్ల మీద పెట్టు" అంది. "పెట్టి మాట్లాడు."

పెట్టాడు. "నీకెవరు చెప్పారక్కా?"

"నాన్నే చెప్పాడు. పెట్టెలో కూర్చుని నాలుగేళ్ళుగా చెబుతూనే ఉన్నాడు. నేనే వినలేదు."

ఇక ఆగలేదు వాడు. తొమ్మిదింటి సంగతి, ఫోనులో వాదన, పది నిమిషాలు నాన్నా అనడం, అన్నీ చెప్పాడు. కింద కూర్చుని ఆవిడ మోకాళ్ళ మీద తలపెట్టి ఏడ్చాడు. భయమేసిందక్కా, నువ్వేమంటావోనని అన్నాడు. టైపక్క వింటూనే ఉంది. ఆవిడ ఎదురు చూస్తున్నది వేరే మాట కోసం. మర్నాడు మళ్ళీ చెప్పాను, నీ కళ్ళు చూసుకుంటూ చెప్పాను అనే మాట కోసం. అది తాను అడగకూడదు. వాడే చెప్పాలి.

"ఇంకేమైనా ఉందా?" అంది.

వాడు తలెత్తాడు. చేతులు మళ్ళీ బల్ల మీద పెట్టి, సూటిగా చూశాడు. "అంతే అక్కా."

మెటికల చప్పుడు రాలేదు. వాడి అబద్ధానికి ఇక చప్పుడు కూడా ఉండదని ఆవిడకి ఆ పూట తెలిసింది.

రేపు కాలేజీలో ఈ చీటీ ఫొటో చూపించి ఈ వేళ చదువు, ఆ మాట ఎక్కడెక్కడ వదిలావో అక్కడల్లా ఇది పెట్టు, అని చెప్పింది. ఎన్ని ఫోన్లలో ఉందో అక్కా, ఇప్పుడేం తీస్తాం అన్నాడు. వెదజల్లినప్పుడు ఒక్కడివే వెదజల్లావు, ఏరేటప్పుడు కూడా ఒక్కడివే ఏరు అంది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు, పడనీ అంది.

ఏరాడు, అబద్ధమెందుకు చెప్పాలి. చదివాడు, చీటీ ఫొటో పెట్టాడు. మొదటి మాట వెయ్యిమంది పంచుకుంటే, ఈ మాట పదిమంది పంచుకున్నారు. చాలా ఏళ్ళ తర్వాత, ఎక్కడో ఒక కాలేజీలో, మొదటి ప్రయోగం మా అక్క మీద చేశాను అని ఆ రెండో సంగతి కూడా తనంతట తానే చెప్పాడట.  అలాగే మనదాకా వచ్చింది. అందరికీ చెప్పాడు, అక్కకి తప్ప. ఆవిడా అడగలేదు. ఇద్దరూ ఒకే పొయ్యి దగ్గర తింటూనే ఉన్నారు. ఆవిడ మళ్ళీ ఎప్పుడూ వాడి తుమ్ముకి వేళ చెప్పలేదు.

ఆ సోమవారమే టైపక్క వంతెన దాటింది. నర్సమ్మ అవతల ఒక మందుల షాపులో, మూలన స్టూలు వేసుకుని బీపీ చూస్తోంది. ముందు ఐదుగురున్నారు. టైపక్క ఆరోదానిగా నిలబడింది. వంతు వచ్చింది. నర్సమ్మ తలెత్తి చూసింది. చెయ్యి చాపమన్నట్టు సైగ చేసి, పట్టీ చుట్టి, గాలి కొట్టి, సూది దిగేదాకా చూసింది. చిన్న కాగితం మీద అంకెలు వేసి, పక్కన వేళ రాసింది. అదే గుండ్రటి రాత.

టైపక్క పాత చీటీ తీసి ఆ కాగితం పక్కన పెట్టింది. మొన్ననే చూశాను అనలేదు, ఎవరు చెప్పారో అనలేదు, తమ్ముడి మాటే ఎత్తలేదు. "ఇది నా దగ్గరే ఉంది. నేను విప్పలేదు" అంది.

నర్సమ్మ ఆ చీటీని ముట్టుకోలేదు. "ఆ రోజు మెట్ల మీద ఇదే చెప్పబోయా. చీటీ చూడు అని. రెండే మాటలు" అంది. పట్టీ విప్పుతూ మళ్ళీ అంది, "గేటు దగ్గర అరిచినవాళ్ళెవరూ నాకు తెలియదు. వాళ్ళ మీద నాకు కోపం కూడా రాలేదు. నువ్వు తెలుసు."

టైపక్క ఏం చెబుతుంది?  నమ్మినందుకు తన తమ్ముడు తనని ఏం చేశాడో, నమ్మినందుకు తాను ఈవిడని అదే చేసింది. వెనక నిలబడ్డ ముసలాయన, ఇంకా ఎంతసేపమ్మా అని దగ్గాడు.

నర్సమ్మ చిన్న కాగితం టైపక్క చేతిలో పెట్టింది. "ఎక్కువుంది. వారం తర్వాత మళ్ళీ చూపించుకో" అని, తల పక్కకి వంచి, తర్వాతి మనిషిని పిలిచింది.

అంతేనా అంటే అంతే. వారం తర్వాత వెళ్ళింది. ఆ పై వారమూ వెళ్ళింది. వెళ్ళిన ప్రతిసారీ అంకెలూ, వేళా. వేరే మాటలు ఎప్పుడు మొదలయ్యాయో నాకు తెలియదు, తెలియంది చెప్పను.

నాయనల్లారా, తల్లుల్లారా, ఈ కథ గుర్తుంచుకోండి. మీ పిల్లలకి చెప్పండి, వాళ్ళు విననంటే ఫోను బోర్లా పెట్టించి మరీ చెప్పండి. ఎవరైనా ఏడుపొచ్చే కబురు తెస్తే ఏడవండి, కాదనను, కానీ ముందు పెట్టెలో చీటీ విప్పి చూసి ఏడవండి. ఇంకోటి, చెప్పేటప్పుడు తమ్ముణ్ణి రాక్షసుణ్ణి చెయ్యకండి, టైపక్కని దేవతనీ చెయ్యకండి. మిగతాది మీ ఇష్టం, పొడిగించుకోండి, కుదించుకోండి. పదకొండూ ముప్పై ఐదు మాత్రం మార్చకండి.